చూసింది నిజమే, అదేమిటన్నది వేరే ప్రశ్న

ప్రశ్న: అక్కయ్య గారికి నమస్కారం. నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఈ మధ్య ఒక రాత్రి నేను, మా ఇంట్లోవాళ్ళు, నా స్నేహితుడు కారులో వస్తుంటే చెట్ల పైన పెద్ద వెలుగు కనిపించింది. చప్పుడేమీ లేదు. తెల్లగా ఉండి మధ్యమధ్య ఎర్రగా, పచ్చగా మెరిసింది. కారు కదిలితే మాతోపాటు వచ్చింది, ఆగితే ఆగింది. కాసేపటికి ఉన్నట్టుండి మాయమైంది. బడిలో చెబితే అందరూ నవ్వారు, అబద్ధాలకోరు అన్నారు. ఆ రోజు 'వెలుగు' అని మాత్రమే అన్న నా స్నేహితుడు ఇప్పుడు దానికి కిటికీలు కూడా ఉన్నాయంటున్నాడు. నాకైతే కిటికీలేవీ కనిపించలేదు. అప్పటి నుంచి గ్రహాంతరవాసులు మనుషులను ఎత్తుకుపోయే వీడియోలు చూస్తున్నాను. ఒకసారి తెల్లవారుజామున మెలకువ వచ్చింది కానీ కాలు, చేయి కదల్లేదు. గదిలో ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించింది. నేను చూసింది యూఎఫ్ఓ (ఏమిటో తేలని ఎగిరే వస్తువు) యేనా? నా స్నేహితుడు అబద్ధం చెబుతున్నాడా? ప్రభుత్వాలు ఇవన్నీ దాస్తున్నాయంటారు, నిజమేనా? అసలు గ్రహాంతరవాసులు ఉన్నారా?

జవాబు:

తమ్ముడూ,

నీ ఉత్తరంలో వెలుగు రంగులు ఉన్నాయి, చెట్లు ఉన్నాయి, నీ గుండెదడ ఉంది. బడిలో ఎవరు ఎంత గట్టిగా నవ్వారో కూడా వివరంగా రాశావు (ఆ భాగం పైన అచ్చు వేయలేదు, పేర్లు ఉన్నాయి కదా). లేనివి మూడే: ఏ తేదీన చూశావు, ఎన్ని గంటలకు చూశావు, ఏ దిక్కున చూశావు. ఈ మూడూ తెలియకుండా ఆకాశంలో కనిపించినదాని గురించి ఎంత పెద్ద శాస్త్రవేత్త చెప్పినా అది ఊహే అవుతుంది. అందుకని 'అది ఫలానాదే' అని నేను తేల్చను. ఒక గట్టి అనుమానం మాత్రం ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు బడి సంగతి. నువ్వు అబద్ధాలకోరువి కావు. అమెరికా వైమానిక దళం 1947 నుంచి 1969 దాకా ఇలాంటి ఫిర్యాదులను సేకరించి పరిశీలించింది. ఆ విచారణలో చివరిది, ఎక్కువ కాలం నడిచినది 'ప్రాజెక్ట్ బ్లూ బుక్'. మొత్తం 12,618 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో అత్యధికం గ్రహాలు, నక్షత్రాలు, ఉల్కలు, బెలూన్లు, విమానాలు అని తేలింది. అంటే ఫిర్యాదు చేసినవాళ్ళు లేనిదాన్ని కల్పించలేదు. ఉన్నదాన్నే చూశారు, అదేమిటో పోల్చుకోవడంలో పొరబడ్డారు. నిన్ను చూసి నవ్వినవాళ్ళు ఈ రెండు విషయాలనూ ఒకటి చేసేశారు. 'అది గ్రహాంతర నౌకే' అని వీడియోల్లో బల్ల గుద్ది చెప్పేవాళ్ళు చేసేదీ అదే. 'నాకు ఒక వెలుగు కనిపించింది' అన్న మాటకు నువ్వే సాక్షివి, దాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు. 'అది వేరే లోకం నుంచి వచ్చింది' అన్నది మాత్రం సాక్ష్యం కాదు, తీర్పు. తీర్పు చెప్పడానికి రెండు కళ్ళు చాలవు.

ఇక నా అనుమానం. కారుతోపాటు వచ్చి, కారు ఆగితే ఆగి, చప్పుడు చేయకుండా చెట్ల పైన వేలాడే వెలుగు అనగానే ఖగోళం తెలిసినవాళ్ళకు మొదట గుర్తొచ్చే పేరు శుక్ర గ్రహం. సూర్యచంద్రుల తరువాత ఆకాశంలో అంత ప్రకాశంగా కనిపించే గ్రహం గానీ నక్షత్రం గానీ మరొకటి లేదు. రాత్రి పూట కారులోంచి చూస్తే దగ్గరి చెట్లు గబగబా వెనక్కి పోతాయి, దూరంగా ఉన్న కొండలు మెల్లగా కదులుతాయి, కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నది అసలు కదలదు. కదలకపోవడం వల్లే అది మనతో వస్తున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు చంద్రుడు మన వెంట వస్తున్నాడని అనుకోని వాళ్ళు ఎవరు? చంద్రుడి ముఖం మనకు తెలుసు కాబట్టి నవ్వుకుంటాం. గుర్తుపట్టని చుక్క అదే పని చేస్తే హడలిపోతాం. నువ్వు చూసిన రంగులకూ కారణం చెప్పవచ్చు. దిగంతానికి దగ్గరగా ఉన్న చుక్క వెలుగు చాలా మందపాటి గాలి పొరను దాటి రావాలి. వేడిగా, చల్లగా కలగాపులగంగా ఉన్న ఆ గాలి వెలుగును అటూ ఇటూ వంచుతుంది, రంగులుగా చీలుస్తుంది. అందుకే కింద ఉన్న చుక్క ఎర్రగా, పచ్చగా తళుక్కుమంటుంది. ఇక మాయమవడానికి సన్నటి మబ్బు అడ్డు వచ్చినా చాలు, అస్తమించినా చాలు.

శుక్రుణ్ణి పోల్చుకోలేకపోవడం చిన్నతనమేమీ కాదు. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లద్దాఖ్ సరిహద్దులో కాపలా ఉన్న మన సైనికులు ఆకాశంలో తిరుగుతున్న వింత వెలుగులను 329 సార్లు నమోదు చేశారు. అవతలి దేశం పంపిన డ్రోన్లేమో అని సందేహించారు. చివరికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ శాస్త్రవేత్తలు వాటి స్థానాలను లెక్క కట్టి చూశారు. అవి గురుడు, శుక్రుడు. కాపలా కాయడమే ఉద్యోగమైన సైనికులకే అవి గ్రహాలని తేలడానికి అంత కాలం పట్టింది.

అయినా ఇది అనుమానమే అని మళ్ళీ గుర్తుచేస్తున్నాను. దూరంగా, సూటిగా నీ వైపే వస్తున్న విమానం దీపం కూడా చాలాసేపు కదలనట్టే ఉంటుంది. మలుపు తిరగగానే మాయమవుతుంది.

నీ స్నేహితుడి కిటికీల దగ్గరికి వస్తే, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇదే. దీనికి చరిత్రలో దాదాపు ప్రయోగశాలలో చేసినంత చక్కటి ఉదాహరణ ఒకటి దొరికింది. 1968 మార్చి 3 రాత్రి అమెరికా తూర్పు భాగంలో చాలామంది ఆకాశంలో మండుతూ పోతున్న కొన్ని వెలుగులను చూశారు. సోవియట్ యూనియన్ అంతకు ముందు రోజు పంపిన జోండ్-4 అనే అంతరిక్ష నౌక తాలూకు రాకెట్ శకలాలు వాతావరణంలోకి తిరిగి వచ్చి కాలిపోతున్నాయి. కాబట్టి అసలు అక్కడ ఏముందో మనకు ఖాయంగా తెలుసు: విడివిడిగా మండుతున్న ముక్కలు, అంతే. చూసినవాళ్ళలో ఎక్కువమంది అలాగే రాశారు. కానీ కొందరు మాత్రం పొడవాటి చుట్ట ఆకారంలో ఒక వాహనం చూశామన్నారు. దానికి వరుసగా నలుచదరపు కిటికీలు ఉన్నాయన్నారు, లోపలి నుంచి వెలుతురు వస్తోందన్నారు. పదుల కిలోమీటర్ల ఎత్తున పోతున్నదాన్ని చెట్ల కొసలకు కాస్త పైన పోతోందని అనుకున్నారు.

వాళ్ళు అబద్ధం ఆడారా? లేదు. చీకట్లో కొన్ని వెలుగులు ఒకే వేగంతో, ఒకే దారిలో పోతుంటే మెదడు వాటి మధ్య ఉన్న చీకటిని నింపేస్తుంది. 'ఇవన్నీ కలిసి కదులుతున్నాయంటే ఒకే వస్తువుకు అతికి ఉన్నాయన్నమాట' అని తనంతట తాను నిర్ణయించుకుంటుంది. అలా ఒక వాహనం తయారవుతుంది, వెలుగులు కిటికీలు అవుతాయి. ఇది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో యూఎఫ్ఓల మీద అధ్యయనం చేసిన బృందం ఈ సంఘటనను తన నివేదికలో ప్రత్యేకంగా చర్చించింది. నిజాయితీగా చెప్పే సాక్షి కూడా ఎంత దూరం పోగలడో అక్కడ కొలత దొరికింది మరి.

నీ స్నేహితుడి విషయంలో ఇంకో తేడా ఉంది. ఆ రాత్రి అతను కిటికీలు చూడలేదు, తరువాత 'గుర్తుకు వచ్చాయి'. జ్ఞాపకం దాచిపెట్టిన ఫోటో కాదు. తలుచుకున్న ప్రతిసారీ మనం దాన్ని కొంత కొత్తగా కట్టుకుంటాం, కట్టేటప్పుడు ఈ మధ్య విన్నవి, చూసినవి కలిసిపోతాయి. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రచురించిన ప్రయోగం చూడు. కొందరికి కార్లు గుద్దుకునే దృశ్యాలు చూపించి వాటి వేగం ఎంతో అంచనా వేయమన్నారు. 'ఢీకొన్నప్పుడు ఎంత వేగంతో పోతున్నాయి' అని మామూలుగా అడిగితే ఒక అంకె చెప్పారు. అదే ప్రశ్నను 'నుజ్జునుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అన్నట్టు అడిగితే ఎక్కువ వేగం చెప్పారు. అంతేకాదు, వారం తరువాత అడిగితే, మొదటి ప్రశ్న విన్నవాళ్ళలో కంటే ఆ రెండో ప్రశ్న విన్నవాళ్ళలో ఎక్కువమంది పగిలిన గాజు పెంకులు కూడా చూశామన్నారు. ఆ దృశ్యంలో గాజు పెంకులే లేవు. ఒక్క మాట మారితేనే ఇంత జరిగితే, బడిలో పదిమంది చుట్టూ చేరి 'ఎంత పెద్దది? లోపల ఎవరైనా ఉన్నారా?' అని గుచ్చి గుచ్చి అడిగినప్పుడు ఏమవుతుందో ఊహించుకో. కాబట్టి అతనితో పోట్లాడకు. ఆ కిటికీలు ఇప్పుడు అతనికి నిజంగానే కనిపిస్తూ ఉండవచ్చు.

అసలు 'ఎగిరే పళ్ళాలు' పుట్టింది కూడా ఇలాగే. 1947 జూన్ 24న కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ అమెరికాలోని రేనియర్ పర్వతం దగ్గర విమానం నడుపుతూ తొమ్మిది మెరిసే వస్తువులు వరుసగా పోవడం చూశాడు. వాటి వేగం గంటకు 1,900 కిలోమీటర్ల పైనే ఉంటుందని లెక్క వేశాడు. అప్పటికి ధ్వని వేగాన్ని దాటిన విమానం ఏదీ లేదు. ఆయన పళ్ళెం ప్రస్తావన తెచ్చింది వాటి కదలిక గురించి, నీళ్ళ మీద విసిరితే ఎగిరెగిరి పడుతూ పోయినట్టు ఉందని. ఆయన వేసిన బొమ్మలో ఆకారం గుండ్రంగా లేదు, వెనుక భాగం కోసినట్టుగా ఉంది. పత్రికలు కదలికను వదిలేసి పళ్ళేన్ని పట్టుకున్నాయి. ఆ తరువాత కొన్ని వారాల్లో వందల మంది గుండ్రటి పళ్ళాలనే చూశారు. ఆర్నాల్డ్ చూసింది ఏమిటన్నది నేటికీ తేలలేదు. పక్షులని, ఎండమావి లాంటి కాంతి భ్రమ అని, విమానాలని రకరకాలుగా అన్నారు.

ఇక్కడ నీ వయసు పిల్లల సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ వీడియో నీ కంట పడుతుంది, పడే ఉంటుంది కూడా. 1994 సెప్టెంబర్ 16న జింబాబ్వేలోని రువా అనే చోట ఒక బడిలో ఆటల విరామం. ఉపాధ్యాయులు లోపల సమావేశంలో ఉన్నారు. బయట ఆడుకుంటున్న పిల్లల్లో అరవై మందికి పైగా, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వాళ్ళు, పొదల అవతల మెరిసేది ఏదో దిగిందని, నల్లటి దుస్తులు, పెద్ద కళ్ళు ఉన్న ఆకారం కనిపించిందని చెప్పారు. బొమ్మలు గీశారు. పెద్దవాళ్ళయ్యాక కూడా చాలామంది అదే మాట మీద ఉన్నారు. చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, కాదనను.

అయితే వీడియోలు సాధారణంగా దాటవేసే వివరాలు కొన్ని ఉన్నాయి. అంతకు రెండు రోజుల ముందు రష్యా రాకెట్ భాగం ఒకటి వాతావరణంలో కాలిపోతూ దక్షిణ ఆఫ్రికా ప్రాంతమంతా కనిపించింది. దేశమంతా యూఎఫ్ఓల గురించే మాట్లాడుకుంటున్నారు. అదే ఆవరణలో ఆడుకుంటున్న మిగతా పిల్లలు చాలామంది ఏమీ చూడలేదు. చూశామన్న పిల్లలను యూఎఫ్ఓల మీద ముందు నుంచే నమ్మకం ఉన్న ఒక పరిశోధకురాలు గుంపులుగా కూర్చోబెట్టి ప్రశ్నించారు, అంటే ఒకరి జవాబు మరొకరు వింటూనే ఉన్నారు. అమెరికా మనోవైద్యుడు జాన్ మాక్ వచ్చేసరికి వారాలు గడిచిపోయాయి. ఆ పిల్లలు నాటకం ఆడారని నేను అనను. ఏదో ఒకటి చూసి ఉంటారు, ఆ భయమూ నిజమైనదే అయి ఉంటుంది. కానీ మొదట ఏం చూశారో తెలుసుకునే అవకాశం ఉన్నది ఆ మొదటి గంటలోనే. పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి కాగితం, పెన్సిల్ ఇచ్చి ఉంటే ఈ రోజు మన చేతిలో ఎంతో విలువైన ఆధారం ఉండేది. పెద్దలు ఆ పని చేయలేదు. ఈ సంఘటన తలుచుకుంటే నాకు కోపం వచ్చేది అందుకే.

గుంపులో ఏం జరుగుతుందో 1935లోనే ముజఫర్ షెరిఫ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. చిమ్మచీకటి గదిలో కదలని ఒక చిన్న వెలుగును చూస్తూ ఉంటే అది కదులుతున్నట్టు అనిపిస్తుంది, ఆసరాగా పోల్చుకోవడానికి చుట్టూ మరేమీ ఉండదు కదా. ఎంత కదిలిందో ఒంటరిగా అడిగితే తలా ఒక అంకె చెప్పారు. పక్కపక్కన కూర్చోబెట్టి అడిగితే అంకెలు దగ్గరగా వచ్చేశాయి. అసలు కదలనే కదలని వెలుగు సంగతి అది. నువ్వు కూడా చీకట్లో ఒంటరి చుక్కను రెప్ప వేయకుండా చూసి చూడు.

రాత్రి భయం విషయం వేరు, దీన్ని జాగ్రత్తగా చదువు. మెలకువ వచ్చినా ఒళ్ళు కదలకపోవడం, గదిలో ఎవరో ఉన్నట్టు అనిపించడం, ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండటం, దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. పేరు భయపెట్టేలా ఉంది కానీ ఇది పక్షవాతం జబ్బు కాదు. మనం కలలు కనే దశలో మెదడు ఒంటి కండరాలకు తాత్కాలికంగా తాళం వేస్తుంది, లేకపోతే కలలో పరిగెత్తిన ప్రతిసారీ మంచం మీద నుంచి పడతాం. ఒక్కోసారి తాళం తీయకముందే మెలకువ వస్తుంది. కళ్ళు తెరిచి ఉంటాయి, కల ఇంకా పూర్తిగా పోలేదు. అప్పుడు గదిలో కల కనిపిస్తుంది. చాలా దేశాల్లో, చాలా కాలాల్లో మనుషులు దీన్ని అనుభవించారు. ఒక చోట దెయ్యం అన్నారు, ఒక చోట మంత్రగత్తె అన్నారు. అంతరిక్షం బొమ్మలు ఇంటింటికీ వచ్చాక పెద్ద కళ్ళ గ్రహాంతరవాసి అన్నారు. పడుకునే ముందు నువ్వు ఏ వీడియో చూశావో అదే వేషం వేసుకుని వస్తుంది.

ఎత్తుకుపోయారన్న కథల్లో అన్నిటికంటే పేరుపడినది బెట్టీ, బార్నీ హిల్ దంపతులది. 1961 సెప్టెంబర్ 19 రాత్రి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక వెలుగు తమ కారును వెంబడించిందని వాళ్ళు చెప్పారు. (చూశావా, నీ కథే.) కొన్ని రోజులకు బెట్టీకి తమను ఎవరో లోపలికి తీసుకుపోయి పరీక్షించినట్టు వరుసగా కలలు వచ్చాయి. ఆమె వాటిని రాసుకుంది, ఇతరులతో చెప్పింది. రెండేళ్ళకు పైగా గడిచాక, 1964లో బోస్టన్‌లో బెంజమిన్ సైమన్ అనే మనోవైద్యుడు ఇద్దరినీ హిప్నాటిజంలో ఉంచి మాట్లాడించాడు. వీడియోల్లో వినిపించే కథ అప్పుడు వచ్చినదే. ఆ వైద్యుడు మాత్రం ఎత్తుకుపోవడం నిజంగా జరిగిందని నమ్మలేదు. బెట్టీ కలలే భర్త జ్ఞాపకంలోకి చేరాయని ఆయన అభిప్రాయం. హిప్నాటిజంలో మనిషి నిజమే చెబుతాడన్నది అపోహ. ఆ స్థితిలో ఊహకూ జ్ఞాపకానికీ మధ్య గోడ ఇంకా పలచబడుతుంది.

నీకు చెప్పేది ఇది: సాయంత్రం చీకటి పడ్డాక ఆ వీడియోలు ఆపెయ్యి, పగలు చూస్తే చూడు. రోజూ ఒకే వేళకు పడుకో. వెల్లకిలా పడుకున్నప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది, పక్కకు తిరిగి పడుకో. మళ్ళీ వస్తే లేవాలని పెనుగులాడకుండా ఒక్క కాలి వేలు కదపడానికి ప్రయత్నించు, నిమిషం రెండు నిమిషాల్లో అదే పోతుంది. అమ్మకో నాన్నకో ఈ సంగతి తప్పకుండా చెప్పు. తరచుగా వస్తున్నా, భయంతో నిద్ర పట్టకపోతున్నా డాక్టరుకు చూపించమను. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు.

ప్రభుత్వాలు దాస్తున్నాయా? దాచాయి. నేను ఈ మాట అనగానే నువ్వు ఎగిరి గంతేయకముందే ఏం దాచాయో చెబుతాను. 1947లో న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్ దగ్గర ఒక పశువుల క్షేత్రంలో రబ్బరు ముక్కలు, వెండి రేకు, పుల్లలు దొరికాయి. సైనిక స్థావరం వాళ్ళు ముందు 'ఎగిరే పళ్ళెం దొరికింది' అని ప్రకటించి, మర్నాటికల్లా 'కాదు, వాతావరణ బెలూన్' అన్నారు. రెండోది కూడా పూర్తి నిజం కాదు. 1994లో వైమానిక దళం వెల్లడించిన దాని ప్రకారం అవి చాలావరకు 'ప్రాజెక్ట్ మోగల్' బెలూన్ల శకలాలు. సోవియట్ యూనియన్ అణు పరీక్షలు జరిపితే ఆ శబ్ద తరంగాలను పై వాతావరణంలో పసిగట్టడానికి పంపిన రహస్య పరికరాలవి. గ్రహాంతరవాసుల శవాల కథ 1947లో లేదు, ముప్పై ఏళ్ళ తరువాత మొదలైంది.

1955 నుంచి అమెరికా యూ-2 అనే గూఢచారి విమానాన్ని 60,000 అడుగుల పైన నడిపింది. అప్పటి ప్రయాణికుల విమానాలు అందులో మూడో వంతు ఎత్తున ఎగిరేవి. కింద చీకటి పడినా అంత ఎత్తున ఎండ తగిలి దాని రెక్కలు నిప్పు కణికల్లా మెరిసేవి. విమానాల పైలట్లు ఫిర్యాదు చేసేవాళ్ళు. అదేమిటో తెలిసిన అధికారులకు చెప్పే వీలు లేదు, ఏవో సర్దుబాటు కారణాలు చెప్పేవాళ్ళు. కాబట్టి 'ఏదో దాస్తున్నారు' అన్న జనం అనుమానం చాలాసార్లు నిజమే. దాచిన వస్తువు మాత్రం ఈ భూమి మీద తయారైనదే.

అలా అని అన్నీ తేలిపోయాయనీ అనుకోకు. బ్లూ బుక్ మూసేసే నాటికి 12,618లో 701 తేలకుండా మిగిలాయి. 2004 నవంబర్‌లో కాలిఫోర్నియా తీరం అవతల నౌకాదళ పైలట్ డేవిడ్ ఫ్రేవర్, ఆయన సహచరులు రెక్కలు, పొగ లేని తెల్లటి కోలటి వస్తువును చూశామన్నారు. అదే రోజు మరో విమానం తీసిన వీడియోను అమెరికా రక్షణ శాఖ 2020లో అధికారికంగా విడుదల చేసింది. దానికి అందరూ ఒప్పుకున్న వివరణ లేదు. 2021లో అమెరికా నిఘా విభాగం 144 ఫిర్యాదులు పరిశీలించి ఒక్కదాన్నే నమ్మకంగా తేల్చగలిగింది, అది గాలి పోతున్న పెద్ద బెలూన్. మిగతావి తేల్చడానికి సరిపడా సమాచారం లేదు. చాలామంది తప్పుగా చదివేది ఈ వాక్యాన్నే. తేలలేదంటే 'గ్రహాంతరవాసులే' అని కాదు, 'ఏమీ లేదు' అని కూడా కాదు.

సమాచారం దొరికినప్పుడు ఏమవుతుందో కూడా చూడు. అమెరికా నౌకాదళ విమానం తీసిన 'గో ఫాస్ట్' అనే వీడియోలో ఒక చిన్న వస్తువు సముద్రాన్ని రాసుకుంటూ మహా వేగంగా దూసుకుపోతున్నట్టు ఉంటుంది. నాసా నియమించిన నిపుణుల బృందం తెర మీద ఉన్న అంకెలతోనే లెక్క వేసింది, నీకు పై తరగతుల్లో వచ్చే త్రికోణమితే అది. వస్తువు సముద్రం మీద కాదు, దాదాపు 4 కిలోమీటర్ల ఎత్తున ఉంది. వేగం గంటకు 65 కిలోమీటర్లలోపే. పరుగంతా వీడియో తీసిన విమానానిది. ఆ బృందం 2023లో ఇచ్చిన నివేదికలో గ్రహాంతర మూలానికి ఆధారం దొరకలేదని చెప్పింది, మంచి కొలతలు సేకరించాలని కోరింది.

మరి వాళ్ళు ఉన్నారా? ఇది పూర్తిగా వేరే ప్రశ్న, మన ఆకాశంలో వెలుగులతో దీన్ని ముడిపెట్టవద్దు. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహాన్ని 1995లో కనుగొన్నారు. ఇప్పటికి అలాంటి పరాయి గ్రహాలు ఐదు వేలకు పైగా తెలుసు. ఇంత విశ్వంలో మనం ఒక్కళ్ళమే అనుకోవడం నాకు కష్టంగా ఉంటుంది, కానీ అది నా మనసు మాట, ఆధారం కాదు. దూరాలు మాత్రం లెక్కకు అందుతాయి. సూర్యుడి తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే అక్కడి నుంచి కాంతి రావడానికే 4.2 ఏళ్ళు పడుతుంది. సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోయే వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక అంత దూరం పోవాలంటే డెబ్బై వేల ఏళ్ళు దాటుతుంది.

గ్రహాంతరవాసులేమో అనిపించినప్పుడు ఎలా నడుచుకోవాలో ఒక విద్యార్థిని చూపించింది. 1967లో కేంబ్రిడ్జ్‌లో పరిశోధన చేస్తున్న జోసలిన్ బెల్‌కు రేడియో దుర్భిణి రాసిన మైళ్ళ కొద్దీ కాగితాల మీద ఒక చిన్న గజిబిజి గుర్తు కనిపించింది. దగ్గరగా చూస్తే 1.3 సెకన్లకు ఒకసారి, గడియారం కొట్టినట్టు వస్తున్న సంకేతం. ప్రకృతిలో అంత క్రమంగా మోగేది అప్పటికి తెలియదు. బృందంలో వాళ్ళు సరదాగా దానికి 'చిన్న పచ్చ మనుషులు' అని గుర్తు పెట్టుకున్నారు. కానీ పత్రికల దగ్గరికి పరిగెత్తలేదు. పరికరంలో లోపమా, భూమి మీది సంకేతమా అని ఒక్కొక్కటీ తోసిపుచ్చుతూ పోయారు. కొన్ని వారాలకు ఆకాశంలో పూర్తిగా వేరే దిక్కున అలాంటిదే ఇంకొకటి ఆమెకే దొరికింది. రెండు వేర్వేరు లోకాల వాళ్ళు ఒకేసారి, ఒకే తీరున మనకు కబురు పంపడం జరగని పని. అవి గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు (పెద్ద నక్షత్రాలు పేలిపోయాక మిగిలే అతి దట్టమైన గోళాలు), ఇప్పుడు పల్సార్లు అంటున్నాం. 'చిన్న పచ్చ మనుషులు' పోయి, అంతకంటే వింతది దొరికింది. 1974లో ఆ పరిశోధనకు నోబెల్ వచ్చింది, ఆమెకు కాదు, ఆమె ఆచార్యుడికి. అది మరో రోజు మాట్లాడుకోవలసిన అన్యాయం.

మళ్ళీ ఆకాశంలో ఏదైనా కనిపిస్తే మొదట గడియారం చూడు, తరువాత దిక్కు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు, దిగంతం నుంచి ఎన్ని పిడికిళ్ళ ఎత్తున ఉందో లెక్కపెట్టు. 'బస్సంత ఉంది' అని రాయకు. చీకట్లో దూరం తెలియకుండా పరిమాణం తెలియదు. చిటికెన వేలి గోరుతో పోల్చి రాయి. చెట్టు కొమ్మనో గోడ అంచునో ఆసరా చేసుకుని నిజంగా కదులుతోందో లేదో చూడు. ఫోనుతో తీస్తే పక్కన చెట్టో ఇల్లో కూడా పడేలా తియ్యి, నల్లటి తెర మీద ఒంటరి చుక్క ఎవరికీ ఉపయోగపడదు. ముత్యాల దండలా వరుసగా పోయే చుక్కలు అయితే చాలావరకు ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలే, 2019లో మొదటి అరవై ఎగిరినప్పటి నుంచి అవి ఎంతమందిని హడలగొట్టాయో చెప్పలేను. అన్నిటికంటే ముఖ్యం, ఎవరితోనూ మాట్లాడకముందే రాసుకో. 1980 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని రెండల్‌షమ్ అడవిలో అమెరికా సైనికాధికారి చార్ల్స్ హాల్ట్ వింత వెలుగును చూస్తూ తన మాటలను అప్పటికప్పుడు టేపు చేశాడు. దశాబ్దాల తరువాత కూడా ఆ టేపు విని, వెలుగు వచ్చిపోతున్న వ్యవధి అదే దిక్కున ఉన్న లైట్‌హౌస్ (ఓడలకు దారి చూపే దీపస్తంభం) వ్యవధితో సరిపోతోందని కొందరు చూపించగలిగారు. హాల్ట్ ఒప్పుకోలేదనుకో. వాదన చేయడానికైనా చేతిలో ఒక రికార్డు ఉంది.

ఈ సారికి ఆ అవకాశం దాటిపోయింది కానీ తేదీ, సమయం ఇంకా రాబట్టవచ్చు. ఆ రోజు ప్రయాణం సంగతి నాన్నగారి ఫోనులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. దారి తెలిస్తే కారు ఏ వైపు పోతోందో, నువ్వు ఏ కిటికీలోంచి చూశావో, దాన్ని బట్టి దిక్కు తెలుస్తుంది. తరువాత స్టెల్లేరియం అనే ఉచిత ఖగోళ సాఫ్ట్‌వేర్‌లో ఆ తేదీ, ఆ వేళ పెట్టి ఆ దిక్కుకు తిప్పు. ఈ పని నీ స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి, కిటికీల మాట ఎత్తకు. తెర మీద అక్కడ శుక్రుడో గురుడో ఉంటే ఇద్దరూ ఒకేసారి చూస్తారు. అక్కడ ఏమీ లేకపోతే ఆ వివరాలన్నీ రాసి నాకు పంపు, విమానాలు, ఉపగ్రహాల వైపు నుంచి మళ్ళీ వెతుకుదాం.